సింగిల్ కాలమ్ బంగారం

క్రీడల డెస్క్‌లో ముప్పై ఏళ్లు కూర్చున్నవాడికి ప్రపంచ పటం పటంలా కనపడదు, గోడ గడియారంలా కనపడుతుంది. ఆక్లాండ్ అంటే హాయి. మనం మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి అక్కడ రాత్రి. సాయంత్రం డ్యూటీకి వచ్చేటప్పటికే ఫలితాలన్నీ బల్లమీద పడి ఉంటాయి. కౌలాలంపూర్ రెండున్నర గంటలు ముందు, పరవాలేదు. మాంచెస్టర్, గ్లాస్గో వేసవిలో నాలుగున్నర గంటలు వెనక. అక్కడి రాత్రి ఫైనల్ మనకు అర్ధరాత్రి దాటాక తేలుతుంది, దూరపు జిల్లాల కట్టలు అప్పటికే వ్యాన్ ఎక్కేసి ఉంటాయి. కెనడాలోని విక్టోరియా మాత్రం శాపమే. పన్నెండున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం పోటీ మొదలయ్యే వేళకు మన పాఠకుడు మర్నాటి కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటాడు.

1989 చివర్లో ఒక దినపత్రికలో ట్రెయినీ సబ్ ఎడిటర్‌గా చేరి, 2018 చివర్లో పదవీ విరమణ చేశాను. ఆ మధ్యలో ఎనిమిది కామన్వెల్త్ క్రీడలు నా చేతుల మీదుగా అచ్చయ్యాయి. ఒక్కదానికీ వెళ్లలేదు. మన గడ్డమీదే జరిగిన ఢిల్లీ పోటీలకు కూడా వెళ్లలేదు. నేను చూసినవన్నీ ఏజెన్సీ కాపీలోనూ, డెస్క్ మూలన ఉన్న చిన్న టీవీలోనూ.

నాలుగేళ్లకోసారి సంపాదకీయ పేజీలో ఒక వ్యాసం తప్పనిసరిగా వచ్చేది. సామ్రాజ్యం పోయింది, దొరలు పోయారు, వాళ్ల ఆటల పోటీలు మాత్రం మనకెందుకు అని. రాసినవారి పేరు మారేది, వాదన మారేది కాదు. 2006లో ఆ వ్యాసం రాసింది నేనే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా తొలి డెస్క్ ఇన్‌చార్జి గారికి ఈ క్రీడల మీద ఒక చమత్కారం ఉండేది. "ఒలింపిక్స్ పెళ్లయ్యా. ఇది రిసెప్షన్. భోజనం అదే, మంత్రాలు ఉండవు." అమెరికా లేదు, చైనా లేదు, రష్యా లేదు, జపాన్ లేదు. ఇంతమంది రాని పందిట్లో గెలిచి మురిసిపోవడం ఏమిటని ఆయన బాధ. అయితే పతకాల పట్టికలో ఒక్క అంకె తప్పినా ఊరుకునేవారు కాదు. ఆ పట్టికలోనే నా మొదటి తప్పు జరిగింది.

1990 జనవరి, ఆక్లాండ్. నేను చేరి నాలుగు నెలలు కూడా కాలేదు. టెలిప్రింటర్ మీద వచ్చిన కాపీలో మన వెయిట్‌లిఫ్టర్ ఒకరికి స్వర్ణం అని ఉంది. కింద మళ్లీ అదే పేరు, స్వర్ణం. ఇంకా కింద మళ్లీ అదే పేరు. టెలిప్రింటర్ ఒకే వాక్యాన్ని రెండు మూడు సార్లు కొట్టడం మామూలే కాబట్టి, చాలా తెలివిగా రెండు వాక్యాలు కొట్టేశాను. మర్నాడు వార్తలో పతకాలు ఒక లెక్క, పట్టికలో మరో లెక్క. అప్పట్లో ఒకే ఊపులో తలమీదికెత్తే స్నాచ్‌కు ఒకటి, భుజాల దాకా తెచ్చి ఆపై ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌కు ఒకటి, మొత్తానికి ఒకటి, ఇలా ఒకే బరువు విభాగంలో మూడేసి పతకాలు ఇచ్చేవారని నాకు తెలియదు. ఆ క్రీడల్లో భారత్‌కు వచ్చిన 13 స్వర్ణాల్లో 12 వెయిట్‌లిఫ్టింగ్‌వే. ఇన్‌చార్జి గారు కోప్పడలేదు. "గెలిచినవాడి చేతిలోంచి రెండు బంగారాలు లాక్కున్నావు. దొరలు కూడా ఇంత పని చేయలేదు" అన్నారు, అంతే. ఆ రోజు నుంచి వెయిట్‌లిఫ్టింగ్ కాపీ వస్తే మూడుసార్లు చదవడం అలవాటైంది. తర్వాత తర్వాత ఆ ఆట నా సొంతమైపోయింది. డెస్క్‌లో మిగతావారికి క్రికెట్, నాకు ఇనుము.

ఈ పోటీల పుట్టుపూర్వోత్తరాలు కూడా ఆ రోజుల్లోనే, తప్పు దిద్దుకునే పట్టుదలలో చదివాను. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలయ్యాయి. పేరు బ్రిటిష్ ఎంపైర్ గేమ్స్. పదకొండు జట్లు, నాలుగు వందల మంది క్రీడాకారులు. మనం రెండోసారి, 1934లో లండన్‌కు వెళ్లాం. కుస్తీలో రషీద్ అన్వర్ తెచ్చిన కాంస్యం ఒక్కటే ఆ ఏడాది మన పతకం. స్వతంత్రం వచ్చాక 1958లో కార్డిఫ్‌లో మిల్ఖా సింగ్ 440 గజాల పరుగులో స్వర్ణం గెలిచాడు. పేరులోంచి 'ఎంపైర్' 1970లో పోయింది, 'బ్రిటిష్' 1978లో పోయింది. ఇంటి పేరు అక్షరం అక్షరం చెరుపుకుంటూ వచ్చిన కుటుంబంలా ఉంటుంది నాకు ఆ వరుస చూస్తే.

నేను కాలేజీలో ఉన్నప్పటి 1986 ఎడిన్‌బరో సంగతి మాత్రం ప్రత్యేకం. జాతి వివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాతో క్రీడా సంబంధాల విషయంలో బ్రిటన్‌లోని థాచర్ ప్రభుత్వ వైఖరిని నిరసిస్తూ 59 దేశాల్లో 32 దేశాలు వెళ్లలేదు. మనమూ వెళ్లలేదు. రేడియోలో వార్త విని మా హాస్టల్లో ఒకడు, "మనం వెళ్లకపోతే ఎవరికి నష్టం?" అని నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. పిలుపు అందిన వాళ్లలో సగానికి పైగా రాని పందిరి పిలిచినవాడి పరువు ఎంత తీస్తుందో తర్వాత అర్థమైంది. విలువలేని పోటీని ఎవరూ పనిగట్టుకుని బహిష్కరించరు కదా.

1998 కౌలాలంపూర్ గురించి రెండు ముక్కలు చాలు. ఆ ఏడాది క్రికెట్ పెట్టారు. సచిన్ వెళ్లాడు, పేజీ అంతా సచిన్. మన జట్టు కెనడా మీద తప్ప గెలవకుండానే గ్రూపు దశలో తిరిగి వచ్చేసింది. ఆ వారమంతా నా వెయిట్‌లిఫ్టర్లు పేజీ అడుగున, పంటినొప్పి మందు ప్రకటన పక్కన బతికారు.

ఇక నా వ్యాసం. 2006 మార్చి, మెల్‌బోర్న్. మనకు 22 స్వర్ణాలు వచ్చాయి, అందులో 16 షూటింగ్‌వే. సమరేశ్ జంగ్ ఒక్కడే అయిదు గెలిచాడు, మన హైదరాబాదీ గగన్ నారంగ్ నాలుగు. నేను వ్యాసంలో ఏం రాశానంటే, తుపాకులు పక్కన పెడితే మన పట్టికలో ఏమీ మిగలదు, చైనా లేని చోట ఎత్తిన బరువు బరువే కాదు, ఈ డబ్బు ఒలింపిక్స్ శిక్షణకు పెట్టాలి, ఈ క్రీడల ముందు దేశదేశాలు తిప్పే రాణిగారి బ్యాటన్ వెనక పరుగెత్తడం మానాలి. శైలి బాగుందని చాలామంది మెచ్చుకున్నారు. ఇప్పుడు చదివితే నాకూ శైలి బాగానే ఉందనిపిస్తుంది.

2010 ఢిల్లీ క్రీడలు ఆ వ్యాసానికి సాక్ష్యంలా మొదలయ్యాయి. ప్రారంభోత్సవం అక్టోబరు 3. అంతకు రెండు వారాల ముందు ప్రధాన స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలింది. మొదటి పేజీ నిండా ఆరోపణలు, క్రీడా గ్రామంలో మురికి గదుల ఫొటోలు. క్రీడల పేజీలో పతకాలు. ఒకే పేపరులో రెండు దేశాలు ఉన్నట్టు ఉండేది. జనరల్ డెస్క్ వాళ్లు వచ్చి "మీ ఆటలు బాగున్నాయండీ, మా ఆటలు ఇంకా బాగున్నాయి" అని ఎగతాళి చేసేవారు.

చివరి రోజు, అక్టోబరు 14, మాత్రం మరచిపోలేను. మధ్యాహ్నం హాకీ ఫైనల్లో ఆస్ట్రేలియా మనల్ని 8-0తో ఓడించింది. డెస్క్‌లో చావు కళ. బ్యాడ్మింటన్ డబుల్స్‌లో జ్వాల, అశ్విని గెలిచారు. ఇంగ్లండ్‌వి 37 స్వర్ణాలు, మనవీ 37. మిగిలింది సైనా. మలేసియా అమ్మాయి వాంగ్ మ్యూ చూ చేతిలో మొదటి గేమ్ పోయింది. రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్ దాకా వెళ్లి వెనక్కు వచ్చింది, 23-21. అప్పటికి మార్కెటింగ్ వాళ్లు, ప్రూఫ్ రీడర్లు, క్యాంటీన్ కుర్రాడు, అందరూ మా టీవీ ముందే. ఎగతాళి చేసిన జనరల్ డెస్క్ వాళ్లు కుర్చీల మీద నిలబడి ఉన్నారు. మూడో గేమ్ 21-13. 38 స్వర్ణాలు, మొత్తం 101 పతకాలు, పట్టికలో ఆస్ట్రేలియా తర్వాత మనమే. ఇంగ్లండ్ కంటే ఒక్కటంటే ఒక్క బంగారం ఎక్కువ. శీర్షిక పెట్టమంటే పది మంది పది చెప్పారు. అన్నీ పాత దొరల మీదే. నేను ఏ శీర్షికా పెట్టలేకపోయాను. నాలుగేళ్ల కిందటి నా వ్యాసం ఎవరికైనా గుర్తుందేమోనని ఒక పక్క భయంగా ఉంది.

అయినా మనసు పూర్తిగా మారలేదు. అది సొంత ఊరి తిరునాళ్ల ఉత్సాహం అనుకున్నాను. మారింది తర్వాత రెండు సందర్భాల్లో, రెండూ ఇనుము ఎత్తినవాళ్ల వల్లే.

2014 జూలై, గ్లాస్గో. మహిళల 53 కిలోల విభాగంలో మత్స సంతోషికి కాంస్యం. విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి. ఆ ఊరి పేరు చెబితే వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవాళ్లు తల ఊపుతారు, ఇనుము అక్కడ ఇంటింటి సామాను. కానీ ఆ రోజే అభినవ్ బింద్రా ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. లీడ్ ఆయనదే, సందేహం లేదు. సంతోషికి రాష్ట్ర పేజీలో సింగిల్ కాలమ్ దక్కింది, ఫొటో కూడా బొటనవేలంత. ఏ వార్త ఎక్కడో చూపే పేజీ డమ్మీ గీసింది నేనే.

మర్నాడు సాయంత్రం డెస్క్‌కు ఒక ఫోను. ఎవరో పెద్దాయన, ఉత్తరాంధ్ర వైపు నుంచి. "బాబూ, మా అమ్మాయి ఎత్తిన బరువు ఎంతో రాయలేదు" అన్నారు. స్థలం చాలలేదండీ అన్నాను. "పేరు ఎవరైనా రాస్తారు బాబూ. బరువు రాస్తేనే కదా, ఇక్కడి పిల్లలు తాము ఎంత ఎత్తాలో లెక్క వేసుకునేది." ఆయన కోచ్ కాదట, ఎవరికీ బంధువూ కాదట. పిల్లలు సాధన చేసేచోట గోడకు పేపరు కోసి అంటిస్తారట. నేను ఫోను పెట్టేసి చాలాసేపు ఊరుకున్నాను. వెయిట్‌లిఫ్టింగ్ నా సొంతం అని పాతికేళ్లు చెప్పుకున్నవాణ్ణి, బరువు లేకుండా వార్త వేశాను.

ఒలింపిక్స్‌లో స్వర్ణానికి ఎత్తే బరువు ఆ గోడ మీద అంటించినా ఒకటే, అంటించకపోయినా ఒకటే. అది ఆకాశం. కామన్వెల్త్‌లో కాంస్యానికి ఎత్తిన బరువు కొబ్బరిచెట్టు. ఎత్తే కానీ, కింద నుంచి కొలవవచ్చు. చైనా లేదు కాబట్టి బరువు బరువే కాదని నేను రాసిన వాక్యం ఆ సాయంత్రం నాకు మొదటిసారి సిగ్గు తెప్పించింది. ఇంకో సంగతి కూడా ఉంది. కర్ణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలతో కాంస్యం గెలిచింది 2000లో. కామన్వెల్త్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదలైంది 2002లో. ఆ మెట్టు ఆమెకు లేనే లేదు, మెట్టు లేకుండానే మేడ ఎక్కింది. అందరూ మల్లీశ్వరులు కారు. మిగతావాళ్లకు మెట్టు కావాలి.

కొద్ది రోజులకు ఆ వార్తకు మరో మలుపు వచ్చింది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికింది. పదహారేళ్ల పిల్ల. కాంస్యం రజతమైంది, నాలుగో స్థానంలో ఉన్న మన స్వాతి సింగ్‌కు కాంస్యం వచ్చింది. ఈసారి డబుల్ కాలమ్ ఇచ్చాను. శీర్షికకు మాత్రం చాలా తడుముకున్నాను. సంతోషి అనే పేరు ఉంటే శ్లేష వేయకుండా ఉండలేని వృత్తి మాది. కానీ ఎక్కడో ఒక పదహారేళ్ల పిల్ల ఏడుస్తూ ఉంటుందని తోచింది. 'సంతోషికి రజతం' అని పొడిగా పెట్టి వదిలేశాను.

ఆ క్రీడల చివరి రోజు బ్యాడ్మింటన్‌లో పారుపల్లి కశ్యప్ స్వర్ణం గెలిచాడు. పురుషుల సింగిల్స్‌లో మనకు అది 1982 బ్రిస్బేన్‌లో సయ్యద్ మోదీ తర్వాత, ముప్పై రెండేళ్లకు. దానికి బ్యానర్ వేశాం. అది ఎవరైనా వేస్తారు.

రెండో సందర్భం 2018 ఏప్రిల్, గోల్డ్‌కోస్ట్. నాకది చివరి క్రీడలు. ఆస్ట్రేలియా కాబట్టి పేజీ కట్టే వేళకు ఎంతో ముందే ఫలితం వచ్చేసింది. పురుషుల 85 కిలోలు, రాగాల వెంకట్ రాహుల్, మొత్తం 338 కిలోలు, స్వర్ణం. కాపీలో సొంత ఊరి పేరు చూసి ఒక్క క్షణం ఆగాను. స్టూవర్టుపురం.

మా వృత్తిలో ఆ పేరు ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. కానీ ఎక్కడ రాశాం? నేరవార్తల్లో. ఏ ఊళ్లో దోపిడీ జరిగినా, ఆధారం ఉన్నా లేకపోయినా, 'స్టూవర్టుపురం' అన్న మాట పడితే వార్త పెద్దదయ్యేది. క్రీడల్లోకి రాకముందు కొన్నాళ్లు జనరల్ డెస్క్‌లో శిక్షణకు కూర్చున్నప్పుడు నేనూ అలాంటి శీర్షిక ఒకటి పెట్టాను, పెట్టినందుకు మెప్పూ పొందాను. ఆ ఊరు పుట్టిన విధమే వేరు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టింది. అలా రాసిపెట్టిన ఎరుకల కుటుంబాలను ఒకచోట కాపలాలో ఉంచడానికి వెలసిన సెటిల్‌మెంట్ అది. పేరు కూడా ఒక దొరదే. ఆ చట్టం 1952లో రద్దయింది. మా శీర్షికల్లో రద్దు కాలేదు.

సామ్రాజ్యం పేరుతో మొదలైన పోటీలో, సామ్రాజ్యం దొంగలని ముద్ర వేసిన ఊరి కుర్రాడు జెండా కప్పుకుని నిలబడ్డాడు. ఆ పోటీలు మనకెందుకని అడిగిన వ్యాసకర్తను నేను. మాట పడిపోయింది.

ఆ రాత్రి పేజీ కట్టే కుర్రాడు, "సార్, ఊరి పేరు శీర్షికలో వద్దేమో, పాఠకులు వేరేగా అనుకుంటారు" అన్నాడు. వాడి భయంలో తప్పు లేదు. శీర్షికలోనే పెట్టమన్నాను, పెద్ద అక్షరాలతో. 'స్టూవర్టుపురం బంగారం'. ఎడిషన్ ఇన్‌చార్జి వచ్చి చూసి, నా ముఖం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. కింద బాక్స్‌లో స్నాచ్ 151, క్లీన్ అండ్ జెర్క్ 187 అని విడివిడిగా బరువులు వేశాను. గోడకు అంటించుకునే పెద్దాయన ఎక్కడున్నా చూస్తారని.

పదవీ విరమణ తర్వాత వచ్చిన బర్మింగ్‌హామ్ 2022 క్రీడలు పూర్తిగా ప్రేక్షకుడిగా చూశాను. డెడ్‌లైన్ లేకుండా ఆట చూడటం ఎంత వింతగా ఉంటుందో! లాన్ బౌల్స్‌లో మన నలుగురు ఆడవాళ్లు దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ ఆట నిబంధనలు ఆ రోజు దేశమంతా కలిసి నేర్చుకుంది, నాతో సహా. నిఖత్ జరీన్, సింధు, మన ఆకుల శ్రీజ, అందరూ గెలిచారు. వాటికన్నా నాకు గుర్తున్నది అవినాశ్ సాబ్లే స్టీపుల్‌చేజ్, అడ్డంకులు దూకుతూ పరుగెత్తే పోటీ. 1994 తర్వాత ఆ పరుగులో కెన్యావాళ్లు తప్ప వేరెవరూ పతకం ముట్టలేదు. సాబ్లే సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో స్వర్ణం పోగొట్టుకున్నాడు. రిసెప్షన్ అన్నారు కదా మా ఇన్‌చార్జి గారు, ఆ పరుగులో మంత్రాలన్నీ ఉన్నాయి. చూడటానికి ఆయన లేరు.

ఇప్పుడు ఈ క్రీడలకే ఇల్లు దొరకడం కష్టమైంది. 2026కు ఒప్పుకున్న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, ఖర్చు అనుకున్నదానికి రెండింతలు దాటుతుందని 2023 జూలైలో చేతులెత్తేసింది. చివరికి గ్లాస్గో ముందుకొచ్చింది, పది క్రీడలతో, నాలుగు వేదికలతో, జూలై 23 నుంచి ఆగస్టు 2 దాకా. ఆ తర్వాత 2030లో, మొదలై వందేళ్లు నిండే ఏడాది, అహ్మదాబాద్‌లో. గ్లాస్గో జాబితా చూసినప్పుడు పాత అలవాటు కొద్దీ పెన్సిల్ తీసుకున్నాను. బ్యాడ్మింటన్, కొట్టేశారు. షూటింగ్, హాకీ, కుస్తీ, క్రికెట్, టేబుల్ టెన్నిస్, అన్నీ పోయాయి. కశ్యప్ బ్యానరు వేసే అవకాశం ఈసారి ఎవరికీ లేదు. బాక్సింగ్ ఉంది. వెయిట్‌లిఫ్టింగ్ ఉంది. దాని పక్కన టిక్కు పెట్టాను.

డెస్క్‌లో నా తర్వాత చేరిన కుర్రాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు అతనే ఇన్‌చార్జి.

"గ్లాస్గో నాలుగున్నర గంటలు వెనక. రాత్రి ఫలితాలు పన్నెండు దాటాక వస్తాయి. వెయిట్‌లిఫ్టింగ్‌కు స్థలం ముందే ఆపి ఉంచు" అన్నాను.

"ఇప్పుడంతా ఫోన్లోనే చూసేస్తున్నారు సార్. నిమిషంలో తెలిసిపోతుంది. పేజీలు కూడా తగ్గించేశారు."

"గోడకు ఫోను అంటించలేరు కదా. బరువులు వెయ్యి. స్నాచ్ ఎంత, జెర్క్ ఎంత."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు.

"చూద్దాం సార్" అన్నాడు.